పెద్దనాన్న పక్కన చోటు

మా పెద్దమ్మ బతికుండగానే ఆమె పేరు సమాధి రాయికెక్కింది. పెద్దనాన్న పోయినప్పుడు రాళ్ళు చెక్కేవాడి దగ్గర కూర్చుని, తనే చెప్పి మరీ చెక్కించుకుంది. పైన ఆయన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద ఆమె పేరు, పుట్టిన తేదీ, ఒక గీత. గీత తర్వాత ఖాళీ.

"అదేంటమ్మా, నిక్షేపంలా ఉన్న మనిషి పేరు రాయి మీద చెక్కమంటావు?" అని వాడు ఉలి కింద పెట్టేశాడట.

"నేను పోయేనాటికి నువ్వుంటావో ఉండవో. ఇంకెవడో వచ్చి నా పేరు వంకరటింకరగా చెక్కుతాడు. నీ అక్షరం బాగుంది, ఇప్పుడే కానిచ్చెయ్. అంకెలదేముంది, ఎవడు చెక్కినా ఒకటే" అందట ఈవిడ.

చర్చి వెనక మా సమాధుల తోటలో అదొక పద్ధతి. మొగుడు పోతే పక్కన పెళ్ళానికి, పెళ్ళాం పోతే పక్కన మొగుడికి చోటు వదిలేస్తారు. పెద్దమ్మ ఆ చోటు కూడా ఊరికే తీసుకోలేదు. పెద్దనాన్నకి కుడి చెవి సరిగ్గా వినిపించేది కాదు. ఎడమ పక్క చోటే కావాలని పాస్టరు గారితో పోట్లాడి, సమాధి కాస్త జరిపించి మరీ సాధించుకుంది. "ఈయన పోయాక జరిగినవన్నీ దాచిపెట్టుకుంటున్నానే. వెళ్ళాక చెప్పొద్దూ? కుడి పక్కన పడుకుంటే గోడకి చెప్పినట్టే" అనేది. నవ్వుతూనే అనేది గానీ, అది వేళాకోళం కాదని నాకు తెలుసు. పిల్లల్లేరు, ఆస్తుల్లేవు. ఆ ఎడమ పక్క చోటే ఆమె చూసుకుని బతికిన ఆశ.

ప్రతి ఆదివారం ఆరాధన అవగానే చిన్న కొడవలి పట్టుకుని తోటలోకి వెళ్ళేది. ముందు ఆయన మీద పెరిగిన గడ్డి కోసేది. తర్వాత పక్కనున్న ఖాళీ చోటు శుభ్రంగా ఊడ్చేది. ఎక్కడికి పెద్దమ్మా అంటే, "నా ఇల్లు ఊడ్చుకొస్తా" అనేది. తిరిగొచ్చాక పక్క సమాధివాళ్ళ తీగ తన వైపు పాకిందనీ, వాళ్ళ మనవలకి బొత్తిగా శ్రద్ధ లేదనీ ఇంటి సరిహద్దు తగాదాలా చెప్పుకొచ్చేది.

ఆమె పని శవపెట్టెల కొట్లో. పెద్దనాన్న అక్కడే వడ్రంగి. ఆయన చెక్క కోసి, చిత్రిక పట్టి పెట్టె చేస్తే, ఈమె లోపలి బట్ట కుట్టేది. తెల్ల గుడ్డ మడతలు మడతలుగా కుట్టి పెట్టె లోపల చుట్టూ చిన్న మేకులతో బిగించాలి. తల కింద దిండు పెట్టాలి. చిత్రిక పట్టగా రాలిన మెత్తటి పొట్టునే దిండులో నింపుతారు. ఆమె చెల్లెలి కూతుర్నైన నాకు పని నేర్పింది కూడా ఆమే. పెళ్ళికి ముందూ తర్వాతా ఆ కొట్లో ఆమె పక్కన కూర్చునే కుట్టాను.

దిండు విషయంలో ఆమెకొక అలవాటుండేది. పొట్టు నింపాక, మూతి కుట్టేముందు, దాన్ని బల్ల మీద పెట్టి తన తల ఆనించి చూసేది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండేది. ఎత్తుగా అనిపిస్తే గుప్పెడు పొట్టు తీసేసేది. ఒక పక్క గట్టిగా తగిలితే చేత్తో నలిపి సర్దేది. అప్పుడు గానీ మూతి కుట్టేది కాదు.

"అక్కా, ఇన్నేళ్ళలో మెడ పట్టేసిందని తిరిగొచ్చి చెప్పినవాడు ఒక్కడూ లేడు" అనేవాడు కొట్టు మేస్త్రీ.

"చెప్పలేరనే కదా నేను చూస్తున్నది" అనేది ఆమె.

నాకు మాత్రం ఒళ్ళు జలదరించేది. శవం తల కింద పెట్టే దిండు మీద తల పెట్టడమేమిటి, ఎంత కొత్తదైతే మాత్రం! ఎన్నిసార్లు చెప్పినా ఆ ఒక్క పని నా వల్ల కాలేదు. నేను కుట్టిన దిండ్లు కూడా ఆమే లాక్కుని తల పెట్టి చూసేది, నన్నొక చూపు చూసి.

రాను రాను తోట నిండిపోయింది. సంఘం వాళ్ళు కొండ అవతల కొత్త నేల కొన్నారు. బస్సు కొండ కింద ఆగుతుంది. అక్కణ్ణించి మెట్లెక్కి, అవతలికి దిగాలి. ఎండలో ఆ మెట్లెక్కితే నాబోటి దానికే తల ప్రాణం తోకకొచ్చేది. పాత తోటలో ఇక మిగిలినవి భార్యాభర్తల కోసం వదిలిన చోట్లే. వాటిల్లో ఇంకెవరినీ పెట్టకూడదని పెద్దలు గట్టిగా తీర్మానించారు.

అదే రోజుల్లో కొత్త పాస్టరు గారొచ్చారు. కుర్రాయన, మంచాయన, కాస్త హడావుడి మనిషి. పోయినవాళ్ళని తలుచుకునే ఆరాధనకి పేర్లు కావాలి. ఎవరినీ అడగకుండా తనే తోటంతా తిరిగి రాళ్ళ మీది పేర్లు రాసుకొచ్చారు. ఆరాధనలో ఒక్కొక్క పేరూ చదివి, ప్రభువు వీరికి విశ్రాంతినిచ్చుగాక అంటున్నారు. పెద్దనాన్న పేరు చదివారు. ఆ వెంటనే పెద్దమ్మ పేరు కూడా చదివేశారు. ఆవిడ ముందు వరసలోనే కూర్చుని ఉంది. చర్చి అంతా ఆవిడ వైపు తిరిగింది. పెద్దమ్మ అందరికంటే గట్టిగా "ఆమెన్" అంది.

ఇక ఆ నవ్వులు ఆగితేనా! సంగతి తెలిసి పాస్టరు గారు సిగ్గుతో చచ్చిపోయారు. ఆరాధనయ్యాక పరుగెత్తుకొచ్చి క్షమించమంటే, "పరవాలేదు బాబూ, ముందే ప్రార్థన చేసి ఉంచారు, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అంది. ఆ తర్వాత చాన్నాళ్ళు మేస్త్రీ ఆమెని "పరలోకం అక్కా" అనే పిలిచాడు.

ఆ నవ్వులింకా సద్దుమణగకముందే రొట్టెల అమ్మాయి కూతురు పోయింది.

సమాధుల తోట గోడకి ఎదురుగా రొట్టెల బట్టీ ఉంది. అందులో పనిచేసే అమ్మాయిని మేమంతా రొట్టెల అమ్మాయి అనేవాళ్ళం. చిన్నప్పటి నుంచీ ఒక కాలు ఈడ్చి నడుస్తుంది. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. బట్టీ వెనక గదిలో తనూ, కూతురూ. ఆ పిల్ల రోజూ మా కొట్టుకొచ్చేది. చిత్రిక పట్టినప్పుడు ఉంగరాలు తిరిగి రాలే చెక్క పొట్టు ఏరుకుని, వేళ్ళకి తొడుక్కుని, పెళ్ళికూతుర్నంటూ తిరిగేది. పెద్దనాన్న ఉంటే ఆ పిల్లని ఒళ్ళోంచి దించేవాడు కాదు. పిల్లలంటే ఆయనకంత ప్రాణం. వీధిలో పిల్లలందరికీ మిగిలిన చెక్కముక్కలతో పిట్టలు చేసిచ్చేవాడు. సొంత పిల్లలకి చేసే యోగం దేవుడు ఇవ్వలేదు.

జ్వరమొచ్చింది, తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చింది, పోయింది. అంతే.

మధ్యాహ్నం రొట్టెల అమ్మాయే కొట్టుకొచ్చింది, చేతులకి పిండి ఇంకా అలాగే ఉంది. మేస్త్రీ కొలతలు అడగలేదు. రోజూ కళ్ళెదుట తిరిగే పిల్ల కదా. తలొంచుకుని చెక్క తీయడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి ఏడవడం లేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, దారి తెలియనివాళ్ళు దారి అడిగినట్టు అడుగుతోంది.

"కొండ అవతలే పెట్టాలంటున్నారండీ. అక్కడ దానికి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కదా. ఒక్కతే పడుకోదండీ అది. పక్కన నేను లేచానంటే చాలు, లేచి కూర్చుంటుంది. పోనీ నేనే వెళ్ళి కూర్చుందామంటే, ఈ కాలితో ఆ మెట్లు ఎక్కగలనా?"

నేను గుడ్డ మడతలు లెక్క తప్పి మళ్ళీ విప్పాను. పెద్దమ్మ దిండు కుడుతోంది. అరచేతిలో పట్టేంత దిండు. పొట్టు నింపింది. బల్ల మీద పెట్టి తల ఆనించింది. తల ఎక్కడ పడుతుంది, చెంప మాత్రమే పట్టింది. రోజూ కంటే చాలాసేపు అలాగే ఉంది. నేను పిలుద్దామనుకునేంతలో లేచి, మూతి కుట్టి, సూది గుడ్డకి గుచ్చేసి, "పదవే, పాస్టరు గారి దగ్గరికి వెళ్ళొద్దాం" అంది.

దారిలో చెప్పింది, తన చోటు పిల్లకి ఇచ్చేస్తానని. నేను వీధిలోనే ఒంటికాలి మీద లేచాను.

"నీకేమైనా మతి పోయిందా పెద్దమ్మా? మరి నీ సంగతేంటి?"

"నన్నూ కొండ అవతలికే తీసుకెళ్ళండి. నేను మెట్లెక్కక్కర్లేదుగా, మీరేగా మోసేది."

"వేళాకోళం ఆపు. పెద్దనాన్న పక్కనే ఉండాలని ఇన్నేళ్ళు ఎంత తపించావ్? ఆ చోటు కోసం పోట్లాడావ్, ప్రతి వారం ఊడ్చుకున్నావ్. ఇంకేదైనా ఇవ్వు. రోజూ తోడు వెళ్ళి కూర్చో. నీ చీరలివ్వు, నా చీరలు కూడా ఇవ్వు. అదే ఎందుకివ్వాలి?"

"దానికి కావలసింది అదే కనక. నా చీరలు ఏం చేసుకుంటుంది?"

"సంఘంలో ఇంతమంది ఉన్నారు, అలాంటి చోట్లు ఇంకా చాలామందికి ఉన్నాయి. వాళ్ళెవరూ ఇవ్వరేం?"

"వాళ్ళని అడగడానికి నేనెవర్నే?" అని నాలుగడుగులు వేసి, మళ్ళీ ఆగింది. "ప్రభువుకే సొంత సమాధి లేదు. ఒకాయన తన కోసం తొలిపించుకున్నది ఇచ్చాడు. చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా. మరి ఆ ఇచ్చినాయన పోయాక ఎక్కడ పెట్టారో ఎవరైనా చెప్పారా?"

"చెప్పలేదు."

"నువ్వెప్పుడైనా అడిగావా?"

"లేదు."

"మరి నా గురించి మాత్రం ఇంత రాద్ధాంతం ఎందుకే?"

ప్రభువు లేచి వెళ్ళిపోయాడు కాబట్టి ఇచ్చినాయన చోటు ఆయనకి తిరిగి దక్కే ఉంటుందని నాకప్పుడే తోచింది. కానీ ఆమె మొహం చూసి ఆ మాట నోట్లోనే మింగేశాను. ఉత్సాహంతో ఇచ్చే మనిషి మొహం కాదది.

పాస్టరు గారి గదిలో తోట తాళాల పెద్దాయన కూడా ఉన్నాడు. తాళాల గుత్తి నడుముకి కట్టుకునే తిరిగే మనిషి. రూల్సంటే ఆయనకి ప్రాణం. పెద్దమ్మ మాట వినగానే నిప్పు తొక్కినట్టు లేచాడు.

"కుదరదమ్మా. ఆ చోటు భార్యకే. ఈ రోజు మీరిస్తారు, రేపు ఇంకొకరిస్తారు, ఎల్లుండి అమ్ముకుంటారు. పైగా రాయి మీద మీ పేరుంది. మీ పేరు కింద ఇంకొకర్ని ఎలా పెడతాం?"

పెద్దమ్మ ఆయన వైపు చూడలేదు. పాస్టరు గారి వైపు తిరిగింది.

"బాబూ, మొన్న నాకు విశ్రాంతినివ్వమని ప్రార్థన చేశారు. నేను ఆమెన్ కూడా అన్నాను. సంఘమంతా విన్నారు. అంటే సంఘం లెక్కలో నేను పోయినట్టే. పోయినదాన్ని నా చోట్లో పెట్టాలిగా? పెట్టలేదు. ఇక అది ఖాళీయే కదా. పిల్లని పెట్టండి."

పాస్టరు గారి మొహం చెవులదాకా ఎర్రబడింది. తాళాల పెద్దాయన ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. పాస్టరు గారు లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డారు.

"అమ్మా, ఒక్కసారి పెట్టాక మళ్ళీ మార్చడం ఉండదు. మీ రోజొచ్చినప్పుడు నేను కావాలన్నా ఇక్కడ చోటివ్వలేను. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచిస్తే ఇవ్వలేను బాబూ. త్వరగా తవ్వించండి" అంది ఆమె.

తాళాల పెద్దాయన నడుముకున్న గుత్తి విప్పి, తోట తాళం బల్ల మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున పిల్లని అక్కడ పెట్టారు. పెట్టె ఎంతో చిన్నది, ఆ చోటులో సగం కూడా పట్టలేదు. రొట్టెల అమ్మాయి బట్టీ కిటికీలోంచి చూస్తే కనిపించేంత దగ్గర. ప్రార్థనయ్యాక పెద్దమ్మ ఒక గుప్పెడు మట్టి వేసి, పక్క సమాధి వైపు వంగి, అందరికీ వినిపించేలాగే చెప్పింది. "పిల్లొచ్చింది చూడు. నీ ఎడమ పక్కే ఉంది. పిలిస్తే పలుకు, భయపడుతుంది." అప్పుడు రొట్టెల అమ్మాయి మొదటిసారిగా గొంతెత్తి ఏడ్చింది.

అందరూ వెళ్ళిపోయారు. పెద్దమ్మ ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వెళ్ళాను. పెద్దనాన్న సమాధికి కుడి పక్కన, రెండు సమాధుల మధ్య ఇరుకులో నేల మీద కూర్చుని ఉంది. ఎడమ పక్కంతా పచ్చి మట్టి, పూలు. ఆమెని అలా ఏడుస్తుండగా నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. పెద్దనాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

"ఇటు నుంచి ఎంత చెప్పినా ఆయనకి వినిపించదే" అంది.

నేనూ పక్కన కూలబడ్డాను. దేవుడి మీదే కోపమొచ్చింది. పిల్లని తీసుకెళ్ళింది ఆయన, చోటు ఇవ్వాల్సింది ఈమెనా? ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఎవరేమనుకున్నా సరే. ఏడుపు ఆగాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఇచ్చినందుకు కాదులే, ఊరికే ఏడుపొచ్చింది" అని లేచింది. అది అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకీ తెలుసు.

ఆ నెలలోనే రాళ్ళు చెక్కేవాణ్ణి పిలిపించి తన పేరు చెరిపించింది. "ఇంత అందంగా చెక్కానే అమ్మా" అని వాడు గొణిగాడు. "అంతే అందంగా పిల్ల పేరు చెక్కు" అంది. పేరు చెరిపిన చోట రాయి కొంచెం లోతైంది. వానొస్తే అక్కడ నీళ్ళు నిలుస్తాయి. ఆ లోతు కిందే పిల్ల పేరు, రెండు తేదీలు.

ఆ తర్వాత కూడా ఆదివారాలు కొడవలి పట్టుకుని వెళ్తూనే ఉంది. ఇల్లు ఊడ్చుకొస్తానని మాత్రం మళ్ళీ ఎప్పుడూ అనలేదు. రొట్టెల అమ్మాయి కూడా వచ్చేది. ఇద్దరూ ఆ గట్టు మీద కూర్చుని ఏవో మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకుంటారో నేనడగలేదు.

కొన్నేళ్ళకి ఒక వానాకాలంలో పెద్దమ్మ పోయింది. పెద్దగా బాధ పడలేదు, ఎవరినీ పెట్టలేదు. మేస్త్రీ ముసలివాడైపోయాడు, అయినా పెట్టె తనే చేస్తానని పట్టుబట్టాడు. లోపలి బట్ట నేను కుట్టాను. దిండు కుట్టి పొట్టు నింపాను. మూతి కుట్టబోతే చెయ్యి ఆగిపోయింది. ఇక నా దిండు లాక్కుని తల పెట్టి చూసేవాళ్ళు లేరు. బల్ల మీద పెట్టి, నేనే తల ఆనించాను. కొత్త చెక్క వాసన. కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపున్నానో తెలియదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు మేస్త్రీ మెల్లగా.

"కొంచెం ఎత్తుగా ఉంది" అని గుప్పెడు పొట్టు తీసేశాను.

ఆమెని కొండ అవతలికే తీసుకెళ్ళాం. పాత తోటలో ఎక్కడైనా చోటు అడిగిచూద్దామని నేను పాస్టరు గారి దాకా వెళ్ళి, గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగాను. అడిగితే ఆమె ఇచ్చినదానికి అర్థం ఏముంటుంది? కొండ అవతల ఆమెకి అటు ఒక ముసలాయన, ఇటు ఖాళీ నేల. ఏ పక్కనా తెలిసినవాళ్ళు లేరు. మెట్లు దిగుతూ దారి పొడుగునా ఏడ్చాను.

వానలు తగ్గాక ఒకసారి వెళ్ళాను. గడ్డి నడుందాకా పెరిగి ఉంటుందని కొడవలి తీసుకెళ్ళాను. చుట్టుపక్కల అంతా అడవిలాగే ఉంది. పెద్దమ్మది మాత్రం నున్నగా ఊడ్చి ఉంది. అక్కడ కాపలావాళ్ళు ఎవరూ లేరు. ఎవరో పొరపాటున చేసి ఉంటారనుకున్నాను. తర్వాత వెళ్ళినప్పుడూ అంతే.

మరోసారి మెట్లు ఎక్కుతుంటే సగంలో రొట్టెల అమ్మాయి కనిపించింది. మెట్టు మీద కూర్చుని, మోకాలు నొక్కుకుంటూ, చెమటలు కక్కుతోంది. ఒళ్ళో గుడ్డలో చుట్టిన కొడవలి. చూడగానే గుర్తుపట్టాను, పెద్దమ్మదే.

"ఈ మెట్లు నువ్వెలా ఎక్కుతున్నావే?"

"కూర్చుంటూ, లేస్తూ ఎక్కుతా అక్కా. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి పైకి చేరతా."

"ఎక్కలేవనే కదా ఆవిడ నీకా చోటిచ్చింది! నీ కాలు ఇంకా పాడవుతుంది. ఇక్కడ నేను చూసుకుంటాగా."

ఆ అమ్మాయి నా మీద కోప్పడలేదు. చెప్పకూడని మాటేదో చెబుతున్నట్టు తల దించుకుంది.

"గడ్డి కోసం కాదక్కా. మా పాప దగ్గర రోజూ కూర్చుంటాను కదా, పక్కనే పెద్దనాన్న గారు. ఆయనకి ఎడమ చెవే వినిపిస్తుందట, పెద్దమ్మగారే చెప్పారు. ఇక్కడికొచ్చి ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని, కొండ ఎలా ఉందో, వాన పడిందో, పక్కన ఎవర్ని పెట్టారో అన్నీ చూసుకుని వెళ్తాను. వెళ్ళి మా పాప వైపు నుంచి ఆయనకి చెబుతాను. ఆవిడ సంగతులు ఆయనకి తెలియొద్దూ?"

ఆమె ఒళ్ళోంచి కొడవలి తీసుకుని, రెండో చెయ్యి అందించాను. నా భుజం పట్టుకుని లేచింది. ఇద్దరం మెల్లగా పైకెక్కాం.